ఆన్‌లైన్ గేమ్‌లు: వ్యసనం, నెల చందా, సర్వర్ డౌన్ – తరచుగా అడిగే ప్రశ్నలు

ఫోన్‌లో బీజీఎంఐ (పబ్జీకి మన దేశపు రూపం), ఫ్రీ ఫైర్ మ్యాక్స్ ఆడేవాళ్లు, కంప్యూటర్‌లో నెలనెలా చందా కట్టి ఆడేవాళ్లు, వాళ్ల ఇంట్లోవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలివి. పందెం కట్టి ఆడే రమ్మీ లాంటి యాప్‌ల సంగతి వేరు. వాటి గురించి కింద ఒక ప్రశ్న ఉంది.

రోజుకు నాలుగు గంటలు ఆడతాను. ఇది వ్యసనమేనా?

గంటలు చూసి ఎవరూ తేల్చలేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన రోగాల వర్గీకరణ ఐసీడీ-11 2022 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. అందులో 'గేమింగ్ డిజార్డర్' ఉంది కానీ దానికి గంటల లెక్క లేదు. చూసేవి మూడు. ఎప్పుడు మొదలుపెట్టాలో, ఎప్పుడు ఆపాలో మన చేతిలో లేకపోవడం. నిద్ర, చదువు, ఉద్యోగం, మనుషులు అన్నిటికన్నా ఆటే ముందుండటం. నష్టం కళ్లముందు కనిపిస్తున్నా ఆపలేకపోవడం. ఇవి జీవితాన్ని దెబ్బతీసే స్థాయిలో, మామూలుగా 12 నెలలపాటు ఉండాలి. మరీ తీవ్రంగా ఉంటే అంతకాలం ఆగకుండానే నిర్ధారిస్తారు.

సెలవుల్లో రోజుకు ఆరు గంటలు ఆడి, కాలేజీ తెరవగానే గంటకు దిగిపోయే కుర్రాడికి ఈ పేరు పెట్టకూడదు. రోజుకు రెండు గంటలే ఆడుతున్నా, వాటి కోసం ట్యూషన్ ఎగ్గొట్టి, ఇంట్లో అబద్ధాలాడి, నాన్న యూపీఐ పిన్ చూసి పెట్టుకున్నవాడి విషయం మాత్రం పట్టించుకోవాలి. అబద్ధం మొదలైందంటే గంటల కన్నా అదే పెద్ద గుర్తు.

నెలకు 499 కట్టి 150 గంటలు ఆడాను. గంటకు మూడు రూపాయల ముప్పై పైసలు. సినిమా కన్నా చవకే కదా?

లెక్క తప్పు కాదు, కొలత తప్పు. ఈ కొలత ప్రకారం ఎంత ఎక్కువ ఆడితే అంత లాభం. నెలకు 20 గంటలు ఆడేవాడికి గంటకు 25 రూపాయలు పడుతుంది కాబట్టి వాడు నష్టపోయినట్టు, రోజుకు ఐదు గంటలు కూర్చున్నవాడు గెలిచినట్టు! బఫేకి వెళ్లి డబ్బులు గిట్టాలని కడుపు పాడయ్యేదాకా తినడం లాంటిదే ఇది.

పైగా చందా ఒక్కటే ఖర్చు కాదు. గ్రాఫిక్స్ కార్డు, మానిటర్ కలిపి 400 వాట్లు లాగే కంప్యూటర్ మీద 150 గంటలు ఆడితే 60 యూనిట్లు కాలుతాయి. యూనిట్ 7 రూపాయలు పడే శ్లాబులో ఉంటే అది 420 రూపాయలు, అంటే దాదాపు చందా అంత. తెలంగాణలో గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చే ఇంట్లో ఈ 60 యూనిట్లే మీటరును 200 దాటించవచ్చు. దాటితే ఆ నెల బిల్లు కట్టాల్సిందే. కొడుకు గేమ్‌కూ కరెంటు బిల్లుకూ సంబంధం ఉందని చాలా ఇళ్లలో ఎవరికీ తట్టదు.

మేం చెప్పే కొలత ఇది. రెండు వారాలు, ఆట ఆపిన ప్రతిసారీ ఒక కాగితం మీద ఎన్ని గంటలు ఆడారో రాసి పక్కన ప్లస్ గానీ మైనస్ గానీ పెట్టండి. నిజంగా బాగుంది అనిపిస్తే ప్లస్. డైలీ క్వెస్ట్ (ఆటలో రోజూ చేయాల్సిన పని) తప్పిపోతుందని, ర్యాంకు పడిపోతుందని, ఊరికే చెయ్యి అటు పోయిందని ఆడితే మైనస్. ఆపిన వెంటనే పెట్టాలి, మర్నాడు కాదు. మర్నాటికి మనసు అన్నిటికీ ప్లస్సే పెట్టేస్తుంది. తర్వాత ఆ రెండు వారాలకు పడే చందాను ప్లస్ గంటలతోనే భాగించండి. 70 గంటల్లో ప్లస్ గంటలు 12 తేలితే ఆట గంటకు దాదాపు 20 రూపాయలు పడుతోంది. మిగతా 58 గంటలు మీరు ఉచితంగా చేసిన కూలి.

సర్వర్ డౌన్ అయిన రోజులకు డబ్బు వెనక్కి అడగొచ్చా?

అడగొచ్చు, కానీ రావడం అరుదు. మీరు చదవకుండా 'అంగీకరిస్తున్నాను' నొక్కిన ఒప్పందంలో సర్వర్ నిరంతరం నడుస్తుందన్న హామీ సాధారణంగా ఉండదు. ముందుగా చెప్పి చేసే మెయింటెనెన్స్‌కు పరిహారం ఇవ్వరు. రోజుల తరబడి ఆగిపోయినప్పుడు మాత్రం కంపెనీలు తమంతట తామే అదనపు రోజులు ఇచ్చిన సందర్భాలున్నాయి. 2011 ఏప్రిల్‌లో హ్యాకింగ్ వల్ల సోనీ వారి గేమ్ సేవ ప్లేస్టేషన్ నెట్‌వర్క్ మూడు వారాలకు పైగా మూతపడింది. 7 కోట్ల 70 లక్షల ఖాతాల సమాచారం బయటపడిందన్న భయం నెలకొంది. తెరుచుకున్నాక సోనీ 30 రోజుల ప్లేస్టేషన్ ప్లస్ (చందా) సభ్యత్వం, కొన్ని గేమ్‌లు ఉచితంగా ఇచ్చింది. 2025 ఫిబ్రవరిలో అదే నెట్‌వర్క్ సుమారు ఒక రోజు ఆగితే ప్లస్ సభ్యులకు ఐదు రోజులు కలిపింది. 2021 డిసెంబర్‌లో ఫైనల్ ఫాంటసీ 14 కొత్త భాగం 'ఎండ్‌వాకర్' వచ్చినప్పుడు లాగిన్ క్యూలో గంటలు గంటలు నిలబడాల్సి వచ్చింది. దాన్ని నడిపే స్క్వేర్ ఎనిక్స్ మొదట 7 రోజులు, తర్వాత మరో 14 రోజులు ఉచితంగా ఇచ్చి, కొన్ని వారాలు కొత్త అమ్మకాలే ఆపేసింది.

అసలు పోయిందెంతో కూడా లెక్క చూడండి. 30 రోజుల నెలకు 720 గంటలు. అందులో 8 గంటలు సర్వర్ లేకపోతే 1.1 శాతం. 499 చందాలో అది ఐదున్నర రూపాయలు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ 14.99 డాలర్ల చందాలో 17 సెంట్లు. ఐదున్నర రూపాయల కోసం రెండు గంటలు ఫోరమ్‌లో తిట్లు రాసేవాళ్లకు పోయింది డబ్బు కాదని వాళ్లకీ తెలుసు.

అయితే ఇందులో న్యాయమైన ఫిర్యాదు ఒకటుంది. ఆ ఎనిమిది గంటలూ ఎప్పుడూ మీరు ఆడే వేళలోనే పడుతుంటే లెక్క మారుతుంది. నెలకు 40 గంటలు ఆడేవారికి అవి ఐదో వంతు. అలాంటప్పుడు వేరే రీజియన్ సర్వర్‌కు మారడమో, చందా మానేయడమో చేయాలి.

వారం వారం మెయింటెనెన్స్ ఎందుకు? మా ఆట వేళకే ఎందుకు వస్తుంది?

సర్వర్ రీస్టార్ట్ చేయడం, డేటాబేస్ సర్దడం, ప్యాచ్ (కొత్త మార్పులు) ఎక్కించడం నడుస్తున్న ఆటలో కుదరవు. అందుకే ఆ రీజియన్‌లో జనం తక్కువగా ఉండే వేళ చూసుకుంటారు. వార్‌క్రాఫ్ట్ అమెరికా సర్వర్ల మెయింటెనెన్స్ సాధారణంగా మంగళవారం ఉదయం 7 గంటలకు, పసిఫిక్ కాలమానంలో. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న మనవాళ్లు ఆ వేళకు ఆఫీసు పనిలో ఉంటారు కాబట్టి వాళ్లకు తెలియను కూడా తెలియదు. అమెరికాలో ఉన్న అన్నయ్యతో కలిసి ఆడాలని హైదరాబాద్ నుంచి అదే సర్వర్‌లో ఉన్నవారికి అది మంగళవారం రాత్రి ఏడున్నర, చలికాలంలో ఎనిమిదిన్నర. కరెక్టుగా టిఫిన్ తిని కూర్చునే వేళ. కాబట్టి మంగళవారాన్ని ఆట లేని రోజుగా ముందే రాసిపెట్టుకుంటే వారంలో ఒక చిరాకు తగ్గుతుంది.

సర్వర్ డౌన్ అయితే ఏమీ తోచదు, చిరాకు. అది మామూలేనా?

అరగంట చిరాకు మామూలే. గమనించాల్సింది అరగంట తర్వాత ఏం చేస్తున్నారన్నది. మరో పని మొదలుపెట్టారా, ప్రతి రెండు నిమిషాలకూ లాంచర్ తెరిచి చూస్తున్నారా? ఆట లేకపోయినా ఆట వీడియోలు, స్ట్రీమ్‌లు చూస్తూ అదే మూడు గంటలు గడిపేస్తే అది ఆట మీద ఇష్టం మాత్రమే కాదు, ఖాళీని భరించలేకపోవడం కూడా. అమెరికా సైకియాట్రిక్ అసోసియేషన్ 2013లో తన మానసిక రుగ్మతల పుస్తకం డీఎస్ఎం-5లో పెట్టిన తొమ్మిది లక్షణాల్లో ఆట లేనప్పుడు వచ్చే చిరాకు, ఆందోళన, దిగులు ఒకటి. ఆ తొమ్మిదిలో ఏడాది కాలంలో ఐదు ఉంటేనే సమస్యగా చూడమన్నారు. ఇదొక్కటే ఉంటే కంగారు వద్దు.

ఉపయోగపడే పని ఒకటి. ఇరవై నిమిషాల్లో అయిపోయే పనులు ఐదారు కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించండి. బైక్ గొలుసుకు నూనె వేయడం, అమ్మమ్మకు ఫోన్ చేయడం, చొక్కాలు ఇస్త్రీ, ఇలాంటివి. సర్వర్ పోయాక ఆలోచిస్తే ఏ పనీ గుర్తు రాదు.

ఆరు నెలల ప్లాన్ తీసుకుంటే చవక కదా?

పక్కాగా ఆరు నెలలు ఆడితేనే. వార్‌క్రాఫ్ట్‌లో చాలాకాలం నడిచిన ధరలు చూడండి. నెలకు 14.99 డాలర్లు, ఆరు నెలలకు 77.94. పూర్తిగా వాడుకుంటే 12 డాలర్లు మిగులుతాయి. ఐదు నెలలకే విసుగొచ్చి మానేస్తే నెలవారీగా కట్టినవాడికి అయ్యేది 74.95, మీకు 77.94. మానేయాలని ఆలోచన ఉన్నవారు ఎప్పుడూ నెలవారీయే తీసుకోవాలి. ముందే కట్టేశామన్న మాట ఆరు నెలలూ ఆట వైపు లాగుతూనే ఉంటుంది.

చందా రెన్యువల్‌ను కట్టిన రోజే రద్దు చేసేయండి. చాలా సేవల్లో కట్టిన గడువు చివరిదాకా ఆడనిస్తారు. నెలాఖరున మళ్లీ కావాలనిపిస్తే మళ్లీ కట్టండి. అలా ప్రతి నెలా ఒకసారి ఆలోచించక తప్పదు.

రాయల్ పాస్ కొన్నాను. పూర్తి చేయకపోతే డబ్బు దండగ కదా?

సీజన్ లోపు లెవెళ్లు దాటితే బహుమతులిచ్చే, డబ్బు కట్టి కొనే టికెట్టే రాయల్ పాస్. అది అమ్మేది ఈ భయాన్నే. డబ్బు తీసుకుని, ఇచ్చే వస్తువులకు మళ్లీ మీ చేత పని చేయించుకుంటుంది, దానికి గడువు కూడా పెడుతుంది. ఒక చిన్న కిటుకు ఉంది. ఎక్కువ గేమ్‌లలో పాస్ కొనకపోయినా మీ లెవెల్ పెరుగుతూనే ఉంటుంది, ఎప్పుడు కొన్నా అప్పటిదాకా దాటిన లెవెళ్ల బహుమతులన్నీ ఒకేసారి తెరుచుకుంటాయి. కాబట్టి సీజన్ చివరి వారం దాకా కొనకుండా ఆడండి. చివర్లో మీరు ఏ లెవెల్‌లో ఉన్నారో చూసి, అక్కడిదాకా వచ్చే వస్తువులు ఆ డబ్బుకు తగ్గవనిపిస్తే కొనండి. చాలామందికి ఆ వేళకు కొనబుద్ధి కాదు.

యాప్ తీసేశాను, అయినా డబ్బులు కట్ అవుతున్నాయి. ఎందుకు?

యాప్ తీసేస్తే చందా ఆగదు. ఆండ్రాయిడ్‌లో ప్లే స్టోర్ తెరిచి, పైన కుడివైపు ప్రొఫైల్ బొమ్మ నొక్కి, పేమెంట్స్ అండ్ సబ్‌స్క్రిప్షన్స్, అందులో సబ్‌స్క్రిప్షన్స్‌లోకి వెళ్లి రద్దు చేయాలి. ఏ జీమెయిల్‌తో కొన్నారో అదే ఖాతాలో చూడాలి. రెండు జీమెయిల్‌లు ఉన్న ఫోన్‌లో ఎక్కువ తప్పు ఇక్కడే జరుగుతుంది, ఒకదాంట్లో ఖాళీగా కనిపించేసరికి రద్దయిపోయిందనుకుంటారు. ఐఫోన్‌లో సెట్టింగ్స్, పైన మీ పేరు, సబ్‌స్క్రిప్షన్స్. కంప్యూటర్ గేమ్ అయితే ఆ కంపెనీ వెబ్‌సైట్‌లో మీ ఖాతాలో.

తర్వాత యూపీఐ యాప్‌లో ఆటోపే విభాగం తెరిచి ఆ పేరు మీద ఉన్న మాండేట్ (తనంతట డబ్బు కట్ చేసుకునే అనుమతి) కూడా రద్దు చేయండి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఇలాంటి ఆటో డెబిట్‌కు కనీసం 24 గంటల ముందు మెసేజ్ రావాలి. 15,000 రూపాయల లోపైతే ప్రతిసారీ ఓటీపీ అడగరు. ముందు వచ్చే ఆ మెసేజ్‌ను ప్రకటన అనుకుని తుడిచేయకండి.

మా అబ్బాయి నా ఫోన్‌లో డైమండ్లు (గేమ్‌లో వాడే నాణేలు) కొనేశాడు. డబ్బు తిరిగి వస్తుందా?

తొందరగా కదిలితే వచ్చే అవకాశం ఉంది. గూగుల్ ప్లేలో 48 గంటల లోపు రిఫండ్ అడిగితే గూగులే చూస్తుంది, ఆ తర్వాత మామూలుగా గేమ్ కంపెనీని అడగమంటుంది. ఆర్డర్ హిస్టరీలో ఒక్కో కొనుగోలుకు విడిగా అడగాలి. కారణం దగ్గర పిల్లవాడు అనుమతి లేకుండా కొన్నాడని ఉన్నదున్నట్టు రాయండి. యాపిల్‌లో రిపోర్ట్ ఎ ప్రాబ్లమ్ పేజీ నుంచి అడగాలి. కోపంలో ముందుగా గేమ్ ఖాతాను డిలీట్ చేయవద్దు, కొన్న వస్తువులు వాడారో లేదో చూసే రికార్డు అందులోనే ఉంటుంది. బ్యాంకుకు చెప్పి చెల్లింపును వెనక్కి లాగిస్తే గేమ్ ఖాతా శాశ్వతంగా మూసేసే ప్రమాదముంది కాబట్టి దాన్ని ఆఖరి మార్గంగా ఉంచుకోండి.

ఆ రోజే ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేలా మార్చండి. యూపీఐ పిన్ మార్చి, పిల్లవాడి వేలిముద్ర ఫోన్‌లో ఉంటే తీసేయండి. పిన్ మార్చి వేలిముద్ర మరిచిపోయిన ఇళ్లు ఎక్కువ.

పిల్లవాడి చేతిలోంచి ఫోన్ లాక్కుంటే గొడవ చేస్తున్నాడు. ఏం చేయాలి?

మ్యాచ్ మధ్యలో లాక్కోకండి. ఈ ఆటలకు పాజ్ బటన్ ఉండదు. బీజీఎంఐలో ఎరాంగెల్ అనే మ్యాప్‌లో క్లాసిక్ మ్యాచ్ అరగంట దాకా నడుస్తుంది. మధ్యలో వదిలేస్తే ర్యాంకు పడిపోవడమే కాదు, జట్టులో మిగతా ముగ్గురూ తిడతారు. ఆ ముగ్గురూ రేపు స్కూల్లో పక్క బెంచీలో ఉండేవాళ్లే కావచ్చు. 'ఎనిమిదింటికి ఆపు' అంటే ఏడూ యాభైకి కొత్త మ్యాచ్ మొదలవుతుంది, ఎనిమిదింటికి యుద్ధం మొదలవుతుంది. 'ఏడున్నర తర్వాత కొత్త మ్యాచ్ ఎక్కకూడదు' అనండి. రోజుకు గంట అనే బదులు రోజుకు రెండు మ్యాచ్‌లు అనండి. ఇద్దరూ లెక్కపెట్టగలిగే ఒప్పందం అదే.

తల్లిదండ్రుల కోసం గూగుల్ ఇచ్చే ఫ్యామిలీ లింక్ యాప్‌లో ఆ గేమ్‌కు మాత్రమే రోజు పరిమితి పెట్టొచ్చు, రాత్రి ఫోన్ లాక్ అయ్యే వేళ కూడా పెట్టొచ్చు. కొంతకాలం ఆగిపోయి 2023లో తిరిగి వచ్చినప్పుడు బీజీఎంఐ 18 ఏళ్ల లోపువారికి రోజుకు 3 గంటలు, పెద్దలకు 6 గంటల పరిమితి పెట్టుకుంది. దాని మీద ఆధారపడకండి. నాన్న వయసు చెప్పి తెరిచిన ఖాతాకు పిల్లల పరిమితి పడదు.

నేను పెద్దవాణ్నే. పూర్తిగా మానకుండా తగ్గించుకోవడం ఎలా?

మొదటి వారం ఏమీ తగ్గించకండి, రాయండి. ఆండ్రాయిడ్ సెట్టింగ్స్‌లోని డిజిటల్ వెల్‌బీయింగ్‌లో గంటలు కనిపిస్తాయి, కానీ ఏ వేళ, ఏ పని తప్పించుకోవడానికి తెరిచారో అందులో కనిపించదు. అది మీరే రాయాలి. రెండో వారం నోటిఫికేషన్లన్నీ ఆపి, ఆటో లాగిన్ తీసేయండి. ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టాల్సి వస్తే అలవాటుగా చెయ్యి పోవడం తగ్గుతుంది. మూడో వారం ఒక డైలీ క్వెస్ట్ స్ట్రీక్‌ను (రోజూ తప్పకుండా చేసిన వరుసను) కావాలనే తెంచండి. స్ట్రీక్ పెరిగేకొద్దీ దాన్ని తెంచడం కష్టమవుతుంది. వంద రోజుల స్ట్రీక్ వల్ల అసలు వచ్చే వస్తువేమిటో చూస్తే నవ్వొస్తుంది.

గిల్డ్‌లో (కలిసి ఆడే జట్టులో) రెయిడ్‌కు (అందరూ ఒకే వేళకు చేరి ఆడే దాడికి) మాట ఇచ్చినవారు ఊరికే మాయమైతే అపరాధభావంతో మళ్లీ వెళ్తారు. గిల్డ్ లీడర్‌కు 'వారంలో గురువారం ఒక్కరోజే వస్తాను' అని ముందే చెప్పండి. బెంచీ మీద కూర్చోబెట్టడం ఏ గిల్డ్‌కైనా అలవాటే.

ఆటలోనే ఉన్న వెసులుబాటును కూడా వాడుకోండి. వార్‌క్రాఫ్ట్ బీటా దశలో ఎక్కువసేపు ఆడితే వచ్చే పాయింట్లు తగ్గేవి. జనం తిట్టేసరికి అదే లెక్కను తిరగేసి, విశ్రాంతి తీసుకున్నవారికి రెట్టింపు ఇస్తున్నామని పెట్టారు. పాత్రను సత్రంలో వదిలి లాగౌట్ అయితే ప్రతి 8 గంటలకు ఒక లెవెల్‌లో 5 శాతం చొప్పున, ఒకటిన్నర లెవెల్ దాకా ఈ బోనస్ పోగవుతుంది. రోజూ కూర్చునేవాడికన్నా వారానికి రెండు రోజులు ఆడేవాడికి గంటకు ఎక్కువ పాయింట్లు వస్తాయి.

గేమ్ మూతపడితే, నిషేధిస్తే కొన్న స్కిన్‌లు (పాత్రలకు, ఆయుధాలకు వేసే అలంకారాలు) ఏమవుతాయి?

పోతాయి. 2020 సెప్టెంబర్ 2న పబ్జీ మొబైల్, 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ నిషేధంలో పడ్డాయి. పబ్జీ సరుకును తర్వాత కొంతకాలం బీజీఎంఐకి మార్చుకోనిచ్చారు. గడువు దాటినవారికి ఏమీ రాలేదు. డబ్బు పెట్టి కొన్న రేసింగ్ గేమ్ 'ది క్రూ' సర్వర్లను 2024 మార్చి 31న ఆపేస్తే ఆ డిస్కు ఎందుకూ పనికిరాకుండా పోయింది. సోనీ 'కాంకర్డ్' 2024 ఆగస్టులో వచ్చి రెండు వారాలకే మూతపడి అందరికీ డబ్బు తిరిగిచ్చింది, కానీ అది అరుదు. స్కిన్ కొనేటప్పుడు అద్దె కడుతున్నామనే అనుకోండి.

రమ్మీ, కలర్ ప్రెడిక్షన్ (ఏ రంగు వస్తుందో పందెం కట్టడం) కూడా ఇలాంటివేనా?

కావు. అవి జూదం. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు మార్చి వాటిని నిషేధించాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా డబ్బు పందెం గేమ్‌లను నిషేధించింది. ఈ-స్పోర్ట్స్‌ను, పందెం లేని గేమ్‌లను వదిలేసింది. ఈ కేంద్ర చట్టంలో శిక్షలు నడిపేవారికి, ప్రకటనలు ఇచ్చేవారికే. ఆడినవారికి కాదు. పోయిన డబ్బు గురించి ఇంట్లో చెప్పడానికి భయపడొద్దు. టెలిగ్రామ్ లింకులతో నడిచే యాప్ మోసం చేస్తే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి వెంటనే ఫోన్ చేయాలి. పోయిన డబ్బును ఇంకో ఆటతో రాబట్టాలనుకోవడమే అప్పు పెరిగే దారి.

డాక్టర్‌ను కలవాలంటే ఎక్కడికి వెళ్లాలి? ఏం చేస్తారు?

మొదటి మెట్టు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్, 14416. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల, మిగతా ఊళ్లలో బోధనాసుపత్రుల సైకియాట్రీ ఓపీ. బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌లో 2014 నుంచి టెక్నాలజీ వ్యసనాలకే 'షట్' క్లినిక్ ఉంది.

గేమ్ వ్యసనానికంటూ ప్రత్యేకమైన మాత్ర లేదు. మాటల ద్వారా చేసే చికిత్సే ముఖ్యం. దాని వెనుక దిగులు, ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత కుదరని సమస్య), నిద్రలేమి, స్కూల్లో ఏడిపించడం లాంటివి ఉన్నాయేమో చూసి ముందు వాటికి వైద్యం చేస్తారు. చాలాసార్లు ఆట రోగం కాదు, రోగం నుంచి దాక్కునే చోటు. వెళ్లేటప్పుడు మూడు నెలల బ్యాంకు స్టేట్‌మెంట్, ఫోన్‌లో స్క్రీన్ టైమ్ స్క్రీన్‌షాట్లు, వారం రోజుల నిద్ర వేళలు రాసిన కాగితం తీసుకెళ్లండి. పిల్లవాడిని తీసుకెళ్తుంటే ఎక్కడికి వెళ్తున్నారో ఇంటి దగ్గరే చెప్పండి. డెంటిస్ట్ అని చెప్పి ఓపీలో కూర్చోబెడితే లోపల నోరు విప్పడు.